అత్తసొమ్ము - అల్లుడిదానం

ఈమధ్య మన కాలేజీలలో విద్యార్థులకు ఒక కొత్త పాఠం చెబుతున్నారు. ఉద్యోగం సంపాదించడానికి చదువొక్కటే చాలదట. పదిమందితో పరిచయం పెంచుకోవాలి; పెంచుకున్న పరిచయాన్ని వాడిపోకుండా నిలుపుకోవాలి; అవతలివాడికి ఏదో ఒకటి చేసిపెడుతూ వుండాలి; చేసినది ఏనాటికైనా తిరిగివస్తుంది. ఇదీ ఆ పాఠం సారాంశం. దీనికి నెట్‌వర్కింగ్ అని పేరు. శిక్షణ ఇవ్వడానికి పట్నంనుంచి మనుషులు వస్తారు, తెరమీద బొమ్మలు చూపిస్తారు, 2003లో మొదలైన లింక్డ్‌ఇన్‌లో ప్రతి విద్యార్థిచేతా ఖాతా తెరిపిస్తారు. పేరు ఇంగ్లీషుదేగాని వ్యవహారం మనకు కొత్తది కాదు. తెలుగువాళ్లు దీన్ని ఇచ్చిపుచ్చుకోవడం అన్నారు. అదే కాస్త రంగు మారితే సిఫారసు అన్నారు, పైరవీ అన్నారు.

అభ్యుదయవాదులమనుకునే మనకు ఈ పాఠం వినగానే నవ్వు వస్తుంది. స్నేహాన్ని కూడా సరుకుగా మార్చిన బూర్జువా సంస్కృతి అని ఒక్క మాటతో కొట్టిపారేస్తాం. కాని అలా కొట్టిపారేసినవారిలోనే చాలామంది ఆ సాయంత్రం మిత్రుడి పుస్తకావిష్కరణ సభకు వెళ్లి, చదవని పుస్తకాన్ని గురించి అరగంట మాట్లాడి వస్తారు. వచ్చే నెల తమ పుస్తకానికి ఆయన రావాలి కదా. కాబట్టి ఈ విషయాన్ని నవ్వుతో తేల్చెయ్యడానికి వీల్లేదు. ఇచ్చిపుచ్చుకోవడంలో న్యాయమెంత, అన్యాయమెంత, రెంటినీ వేరుచేసే గీత ఎక్కడుంది? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు వెతకాలని నా ప్రయత్నం. నేను బ్రతుకుతున్నది తెలుగు బోధించే అధ్యాపకుల మధ్యా, తెలుగు రాసే రచయితల మధ్యా కాబట్టి నా ఉదాహరణలు చాలావరకు అక్కడివే.

మొదట ఒక అపోహ తొలగించుకోవాలి. ఇవ్వడం, తీసుకోవడం, తీసుకున్నది గుర్తుపెట్టుకొని తిరిగి ఇవ్వడం - వీటిలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. నాట్లు అందుకున్నప్పుడు చిన్నరైతులు ఒకరి చేలోకి ఒకరు బదులు పనికి పోయేవారు. ఇవాళ నీ చేను, రేపు నా చేను. కూలి డబ్బు లేనివాళ్లకు అంతకంటే దారి లేదు. నెలాఖరున పక్కింటినుంచి చేబదులు తెచ్చుకోని సంసారం మధ్యతరగతిలో అరుదు. పెళ్లిలో చదివింపులు చూడండి. పందిట్లో ఒక పక్కన ఒకాయన నోటుపుస్తకం ముందు పెట్టుకొని పేరు, ఊరు, రూపాయలు రాసుకుంటూ వుంటాడు. పదేళ్ల తర్వాత అవతలివారింట్లో పెళ్లయితే ఆ పుస్తకం బయటికి తీస్తారు. వాళ్లు చదివించినదానికి తగ్గకుండా, వీలైతే కొంచెం ఎక్కువగా, చదివించి వస్తారు. దీన్ని చూసి ప్రేమలో లెక్కలేమిటని అనేవాడికి బీదవాడి పెళ్లి ఎలా జరుగుతుందో తెలియదన్నమాట. ఆ పుస్తకమే లేకపోతే ఆ పెళ్లిఖర్చు మొత్తం వడ్డీవ్యాపారి పుస్తకంలోకి ఎక్కుతుంది.

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో దానాన్ని గురించి ఒక ప్రసిద్ధమైన వ్యాసం ప్రచురించాడు. పసిఫిక్ ద్వీపాలలోనూ, ఉత్తరామెరికా ఆదివాసులలోనూ వుండిన కానుకల ఆచారాలను పరిశీలించి, కానుక అనేది పైకి స్వచ్ఛందంగా కనిపించినా నిజానికి మూడు విధులతో కూడుకున్నదని ఆయన తేల్చాడు: ఇవ్వడం విధి, పుచ్చుకోవడం విధి, తిరిగి ఇవ్వడం విధి. దానధర్మాలను విస్తారంగా చెప్పే మహాభారత అనుశాసనిక పర్వాన్ని కూడా ఆయన ఈ చర్చలోకి తెచ్చాడు. మోస్ చెప్పినదాన్ని మన మాటల్లో చెప్పాలంటే, ఊరికే వచ్చిన కానుక అంటూ ఏదీ లేదు. కానుకతోపాటు ఒక ఋణం కూడా ఇల్లు చేరుతుంది. ఇది మనుషులను కలిపివుంచే శక్తీ అవుతుంది, కట్టిపడేసే తాడూ అవుతుంది.

అయితే బదులు పనిలోనూ, చేబదులులోనూ, చదివింపులలోనూ మనం గమనించవలసిన విశేషం ఒకటి వుంది. అక్కడ ఇచ్చేవాడు ఇచ్చేది తనదే. తన వొంటి చెమట, తన డబ్బాలోని బియ్యం, తన జేబులోని రూపాయి. ఇచ్చినందువల్ల తగ్గేది అతనికే. ఇద్దరి మధ్య జరిగిన వ్యవహారానికి మూడోవాడు మూల్యం చెల్లించడు.

ఇప్పుడు మన వృత్తికి వద్దాం. మనం ఒకరికొకరం ఏమి ఇచ్చిపుచ్చుకుంటున్నాం? ముందుమాట. పుస్తకసమీక్ష. సదస్సుకు పిలుపు. పిహెచ్‌.డి. సిద్ధాంతగ్రంథానికి పరీక్షకత్వం. పాఠ్యపుస్తకంలో ఒక పాఠం. పురస్కార సంఘంలో ఒక వోటు. ఉద్యోగాల ఎంపికలో ఒక మాట. ఈ జాబితాను మరొకసారి చదివి, ఇందులో ఇచ్చేవాడి సొంత ఆస్తి ఏదో చూడండి. సమీక్షకుడు ఇచ్చే తీర్పు పాఠకుడికి చెందవలసినది. పాఠకుడు దాన్ని నమ్మి డబ్బుపెట్టి పుస్తకం కొంటాడు. పరీక్షకుడు ఇచ్చే పట్టా విశ్వవిద్యాలయానిది, అంటే పన్ను కట్టే ప్రజలది. పాఠ్యపుస్తకంలో చోటు దాన్ని చదవబోయే పిల్లలది. ఉద్యోగమైతే దరఖాస్తు పెట్టినవారిలో ఎవరు అర్హులైతే వారిది. ఇవన్నీ మనకు కాపలాకు అప్పగించిన వస్తువులు. కాపలావాడు వాటిని తన కానుకలుగా పంచిపెట్టి, తన పేరుమీద కృతజ్ఞతలు జమచేసుకుంటున్నాడు. మన పెద్దవాళ్లు ఎప్పుడో పేరుపెట్టారు దీనికి: అత్తసొమ్ము అల్లుడిదానం.

నా వాదమంతా ఈ సామెతలోనే వుంది. ఇచ్చిపుచ్చుకోవడం తప్పా ఒప్పా అనేది అసలు ప్రశ్న కాదు. ఇస్తున్నది ఎవరి సొమ్ము, దాని ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు అనేదే ప్రశ్న.

ఆ ఖరీదు ఎలా వుంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. కొన్నేళ్లకిందట ఒక కాలేజీలో తెలుగు అధ్యాపకపదవికి ఇంటర్వ్యూ జరిగింది. ఇద్దరు చివరిదాకా మిగిలారు. ఒకామె వ్యవసాయకూలీల కుటుంబంలో పుట్టి, హాస్టళ్లలో చదివి, గంటల లెక్కన జీతమిచ్చే గెస్ట్ లెక్చరర్ పనిలో ఆరేళ్లు గడిపింది. రెండో అభ్యర్థి ఒక ఆచార్యుడి శిష్యుడు. నిపుణుడిగా వచ్చినాయన రెండో అభ్యర్థిని ఎంపికచేయించాడు. తర్వాత ఒక రైలు ప్రయాణంలో ఆయనే ఈ సంగతి నాతో చెప్పాడు. "ఆ అమ్మాయి బాగానే చెప్పిందండీ, కాదనను. కాని ఏం చేస్తాం? మొన్న మా పిల్లాడి వైవాకు వాళ్ల గురువుగారు అంత జ్వరంలోనూ బస్సెక్కి వచ్చారు. అది మరిచిపోతే మనుషులమవుతామా?" అన్నాడు.

ఆయన దుర్మార్గుడు కాడు. లంచం పుచ్చుకోలేదు. నా దగ్గర దాచనూ లేదు, ఎందుకంటే అది దాచవలసిన విషయమని ఆయనకు తోచలేదు. తాను కృతజ్ఞత అనే మంచిగుణాన్ని ప్రదర్శించినట్టే ఆయన భావించాడు. డబ్బు చేతులు మారితే నేరమని అందరికీ తెలుస్తుంది. ఉపకారం చేతులు మారితే అది సంస్కారమని అనిపించుకుంటుంది. ఇద్దరు పెద్దమనుషుల మధ్య ఋణం తీరింది. తీర్చినది మాత్రం ఆ అమ్మాయి. తానొక అప్పు తీర్చినట్టు ఆమెకు ఈనాటికీ తెలియదు. ఇంటర్వ్యూలో తాను సరిగా చెప్పలేకపోయాననుకొని ఇంటికి వెళ్లివుంటుంది.

ఇది మనకాలంలో పుట్టిన జబ్బు కాదు. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు నందంపూడి గ్రామాన్ని నారాయణభట్టుకు అగ్రహారంగా ఇచ్చాడు. భారతరచనలో తనకు తోడ్పడిన మిత్రుడని నన్నయ ఆ నారాయణభట్టును స్మరించాడు. ఆ దానశాసనాన్ని రచించినవాడు కూడా నన్నయభట్టే. నారాయణభట్టు పాండిత్యాన్ని నేను శంకించడం లేదు. అందులో కుట్ర వుందనీ అనడం లేదు. రాజు ఇచ్చాడు, పండితుడు పుచ్చుకున్నాడు, కవి పద్యాలతో శాసనం రాశాడు. ముగ్గురూ తమ తమ ధర్మం ప్రకారం సక్రమంగానే నడుచుకున్నారు. ఆ నేలను దున్నినవాళ్లు మాత్రం ఈ మర్యాదలలో ఎక్కడా పాత్రధారులు కారు. దానం చేసినది వాళ్లు పండించే పంటలో రాజుకు రావలసిన భాగాన్ని. కృతిభర్తల చరిత్ర అంతా ఇలాంటిదే. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయ్యసెట్టి అనే వర్తకుడికి అంకితమిచ్చాడు. కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి ఇచ్చాడు. కవి కీర్తి ఇచ్చాడు, ప్రభువు సంపద ఇచ్చాడు. పోతన భాగవతాన్ని రాజులకివ్వక శ్రీరామునికి అంకితం చేయడాన్ని మనం ఇంతకాలంగా గొప్పగా చెప్పుకుంటున్నామంటే, మిగతా వ్యవహారం ఎలాంటిదో మన సమాజానికి లోలోపల తెలుసునన్నమాట.

మన కాలానికే చెందిన మరొక అంకితాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. 1950లో అచ్చయిన మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ కొంపెల్ల జనార్దనరావుకు అంకితమిచ్చాడు. ఉదయిని పత్రిక నడిపిన జనార్దనరావు 1937లోనే చనిపోయాడు. పుస్తకం వచ్చేనాటికి ఆయన ముందుమాట రాయలేడు, సభకు అధ్యక్షత వహించలేడు, ఏ సంఘంలోనూ ఎవరికీ సిఫారసు చెయ్యలేడు. తిరిగి ఇవ్వలేనివాడికి ఇచ్చిన కానుక అది. ఆధునిక తెలుగు సాహిత్యంలో అంత ముఖ్యమైన పుస్తకం ఒక రాజుకో జమీందారుకో కాక పేదగా చనిపోయిన సాహిత్యమిత్రుడికి చెందడం యాదృచ్ఛికం కాదు. అంకితం అనే పాత ఆచారాన్నే అది తలకిందులు చేసింది. అయితే ఇక్కడ కూడా జాగ్రత్తగా గమనించండి. శ్రీశ్రీ ఇచ్చింది తన సొంత కవిత్వాన్ని. ఆయన ఏ పురస్కార సంఘంలోనో సభ్యుడిగా వుండి ఒక బహుమతిని మిత్రుడి కుటుంబానికి ఇప్పించివుంటే, ఎంత ఆర్ద్రమైన కథ అయినా అది వేరే కథ.

కొందరు మిత్రులు ఇక్కడ అడ్డుతగులుతారు. "మరి ఎవరికీ ఏ సాయమూ చెయ్యకూడదంటారా? మీకు ఉద్యోగం ఎలా వచ్చింది?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. నాకు మొదటి ఉద్యోగం సంగతి చెప్పింది మా పాత ఉపాధ్యాయుడొకాయన. ఫలానా చోట ఖాళీ వుంది, గడువు దగ్గరపడింది, దరఖాస్తు పెట్టరా అని కబురు పంపాడు. ఆయన కబురు లేకపోతే నాకు తెలిసేదే కాదు. కాని ఆయన చేసింది కబురు పంపడమే. ఎంపికచేసినవారిలో ఆయన లేడు, వారితో మాట్లాడలేదు.

ఈ తేడా చిన్నది కాదు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన ఒక వ్యాసంలో, తెలిసినవాళ్లద్వారా కొత్త ఉద్యోగం దొరికినవారిని మీకు ఆ సంగతి చెప్పినవాణ్ణి ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచుగా కలిసేవారమన్నవారు నూటికి 17 మందికి లోపే. అప్పుడప్పుడూ కలిసేవారమన్నవారు దాదాపు 56 మంది, ఎప్పుడో అరుదుగా అన్నవారు దాదాపు 28 మంది. కారణం తేలికగానే తెలుస్తుంది. మన దగ్గరివాళ్లకు తెలిసినదేదో మనకూ తెలిసే వుంటుంది. కొత్తకబురు దూరపు పరిచయస్తుడిదగ్గరనుంచే వస్తుంది. అంటే, పరిచయాలవల్ల మనిషికి కలిగే మేలులో పెద్దభాగం కబురే. కబురు విచిత్రమైన సొత్తు. ఎంతమందికి పంచినా పంచినవాడిదగ్గర తరగదు. దాన్ని ఒక్కడికే చెవిలో చెప్పడం పాతపద్ధతి. నోటీసుబోర్డుమీద పెట్టి నలభైమందికి చెప్పడం మనం చెయ్యదగ్గ పని. కబురు చెప్పడం వేరు, తీర్పు అమ్ముకోవడం వేరు. మొదటిదాన్ని ఎంత పంచితే అంత మంచిది. రెండోది పంచడానికి మనది కాదు.

నెట్‌వర్కింగ్ శాస్త్రజ్ఞులలో కొంచెం సున్నితమైనవారు ఇంకొక మాట అంటారు. ఆడం గ్రాంట్ అనే అమెరికన్ మేనేజిమెంటు అధ్యాపకుడు 2013లో ఒక పుస్తకం రాశాడు. దాని పేరుకే ఇచ్చిపుచ్చుకోవడమని అర్థం. ఆయన మనుషులను మూడు తెగలుగా విభజించాడు: ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు, సరికి సరి చూసుకునేవాళ్లు. వృత్తిలో అట్టడుగున పడివుండేది ఇచ్చేవాళ్లేననీ, అందరికంటే పైకెక్కేది కూడా ఇచ్చేవాళ్లలోనే వున్నారనీ ఆయన అంటాడు. కాబట్టి లెక్క చూడకుండా ఇవ్వండి, తెలివిగా ఇవ్వండి అని ఉపదేశం. వ్యాపారపు బడిలో ఇంతమాట వినబడటమే విశేషం. కాని ఈ విభజన చేసేవారికి ఇచ్చేవాడి మనస్సు కనబడుతుందిగాని ఇస్తున్న వస్తువు కనబడదు. ఏ లెక్కా చూసుకోకుండా, ఏ ప్రతిఫలమూ ఆశించకుండా, జాలితో పాతిక మార్కులు కలిపే పరీక్షకుడున్నాడు. ఆయన మనస్సు వెన్న. కాని ఆయన వల్ల ర్యాంకు పోగొట్టుకున్న విద్యార్థికి ఆ వెన్నతో పనిలేదు. ఉదారబుద్ధి వున్నంతమాత్రాన పరులసొమ్ము మన సొమ్ము కాదు.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ ఇంకొకటి వుంది. దాన్ని తప్పించుకొని పోయే వ్యాసం ఈ పత్రికలో అచ్చుకాదగ్గది కాదు. ఆ ఆక్షేపణ ఇది: "తరతరాలుగా పలుకుబడి పైకులాల చేతుల్లో వుంది. ఇప్పుడిప్పుడే దళితుడు, వెనుకబడిన కులాలవాడు, ముస్లిం ఆ కుర్చీలదాకా వస్తున్నాడు. వాడు తనవాడికి ఒక చెయ్యి ఇవ్వబోయేసరికి మీకు నీతి గుర్తుకొచ్చిందా?"

ఈ మాటలోని బాధ నిజమైనది. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ ఒక పరిశోధన ప్రచురించారు. పత్రికలలో ప్రకటించిన ప్రైవేటు ఉద్యోగాలకు ఒకే రకమైన అర్హతలతో దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రం కొన్ని పైకులపు హిందువులవి, కొన్ని దళితులవి, కొన్ని ముస్లింలవి. పైకులపు పేరుతో పోలిస్తే పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి దళిత పేరుకు సుమారు మూడోవంతు తగ్గింది; ముస్లిం పేరుకు సుమారు మూడింట రెండువంతులు తగ్గింది. అంటే పైకులాలవాడికి తాను అడగకుండానే, తనకు తెలియకుండానే, పేరే ఒక సిఫారసు ఉత్తరంగా పనిచేస్తున్నది. మన ఊళ్లలో "మనవాడేనా?" అనే ప్రశ్నకు అర్థం ఏమిటో తెలియని తెలుగువాడు లేడు. ఆ ప్రశ్న వేసేవాడు అవతలివాడి చదువు అడగడం లేదు.

అందుచేత మూసిన తలుపు బయట నిలబడ్డవాళ్లు ఒకరికొకరు సాయపడటాన్నీ, తలుపు లోపల కూర్చున్నవాళ్లు ఒకరికొకరు సాయపడటాన్నీ నేను ఒకే గాటన కట్టను. దళిత విద్యార్థులు తమ సీనియర్ల నోట్సు పంచుకోవడం, ఫీజుకు చందా వేసుకోవడం, ఇంటర్వ్యూకు ఎలా తయారుకావాలో నేర్పుకోవడం - ఇవన్నీ బదులుపని కోవలోకి వస్తాయి. ఇస్తున్నది సొంతసొత్తు. దీన్ని ఎంత విస్తరిస్తే అంత మేలు. కాని ఎంపికసంఘంలో చేసే పైరవీని విముక్తిమార్గమని నమ్మడానికి చరిత్ర వొప్పుకోదు.

రెండు నిదర్శనాలు చూడండి. ఒకనాడు కోస్తా రేవులనుంచి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలను తీసుకుపోయేవాడు మేస్త్రీ. వాడు చాలాసార్లు అదే ఊరివాడో, ఆ పక్కవాడో. దారిఖర్చుకు ముందే డబ్బు ఇచ్చేవాడు, అక్కడ పని చూపించేవాడు. అది ఉపకారమే. కాని ఆ ముందిచ్చిన డబ్బు తీరేదాకా కూలీ మేస్త్రీ చేతికిందనే వుండాలి. కూలి కూడా మేస్త్రీ చేతిమీదుగానే అందేది. బొంబాయి మిల్లుల్లో జాబర్ అనేవాడు ఇదే పని చేశాడు. తన కులంవాళ్లనూ ఊరివాళ్లనూ పనిలో పెట్టేవాడు, మామూలు పుచ్చుకునేవాడు, ఎదురుతిరిగితే తీసేసేవాడు. 1931లో విట్లీ కమిషన్ నివేదిక పనిలో పెట్టుకునే అధికారం జాబర్ చేతిలో వుండకూడదని చెప్పవలసి వచ్చింది. కార్మికుడికి దారి చూపించిన చెయ్యే కార్మికుడి మెడమీద చెయ్యి అయింది.

రెండో నిదర్శనం మన కాలానికి దగ్గరిది. కైవాన్ మున్షీ, మార్క్ రోజెన్‌జ్వైగ్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు బొంబాయిలోని దాదర్ ప్రాంతపు మరాఠీ కుటుంబాలను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించారు. అక్కడి కింది కులాల మగవాళ్లకు మిల్లులూ, ఇతర శారీరకశ్రమ ఉద్యోగాలూ కులపు పరిచయాలద్వారా దొరికేవి. 1990ల తర్వాత ఇంగ్లీషు చదువుకు విలువ పెరిగినప్పుడు ఆ కులాల ఆడపిల్లలు ఇంగ్లీషు బడులవైపు వేగంగా మళ్లారు, ఎందుకంటే వాళ్లను ఆ పరిచయాలవల ఏనాడూ లోపలికి రానివ్వలేదు. మగపిల్లలు మాత్రం వెనకబడి మరాఠీ బడులకే పోయారు. మనవాళ్లున్నారు, ఏదో ఒక పని ఇప్పిస్తారు అనే ధైర్యమే వాళ్లను కట్టిపడేసింది. ఆపదలో ఆదుకున్న వల, ఎగరవలసిన వేళ ఎగరనివ్వలేదు.

వీటినుంచి నేను తీసే నీతి ఒకటే. అణగారినవాడికి కావలసింది తనవాడి దయ కాదు, తన హక్కు. రిజర్వేషన్‌ను సిఫారసుతో పోల్చేవాళ్లకు జవాబు కూడా ఇక్కడే వుంది. రోస్టర్ అనేది రాసిపెట్టిన నియమం. అందరూ చదువుకోవచ్చు, తప్పితే కోర్టుకు పోవచ్చు. దానివల్ల ఉద్యోగం వచ్చినవాడు ఎవరి ఇంటికీ పళ్లబుట్ట తీసుకుపోనక్కరలేదు. సిఫారసు అలా కాదు. హక్కుగా రావలసినదాన్నే అది దానంగా మార్చి చేతిలో పెడుతుంది. పెన్షన్ కాగితం కదిలించడానికి ఒక పెద్దమనిషిని ఆశ్రయించిన ముసలివాడు, తన డబ్బే తాను తెచ్చుకొని, ఆయనకు జీవితాంతం నమస్కారం పెడతాడు. పలుకుబడి అసలు రహస్యమిదే. న్యాయంగా జరగవలసిన పని జరగకుండా వుంటేనే దాన్ని జరిపించేవాడికి విలువ.

సోషలిజం వస్తే ఇదంతా తనంతట తానే పోతుందని మనలో కొందరికి ధీమా. ఆ ధీమాకు ఆధారం లేదు. సోవియట్ రష్యాలో బ్లాత్ అనే వ్యవహారం ఎంతగా అల్లుకుపోయిందో అలీనా లెదెనెవా 1998లో ప్రచురించిన పుస్తకంలో వివరించింది. కొరతలో వున్న సరుకునో, మంచి వైద్యుణ్ణో, బడిలో సీటునో పరిచయాలద్వారా సంపాదించడమే బ్లాత్. అక్కడ చేతులు మారినదంతా ప్రజలసొత్తే. ఆస్తి ప్రజలదైతే చాలదు, దాని తాళంచెవులు పట్టుకున్నవాడిమీద ప్రజల చూపుండాలి అని మనం నేర్చుకోవలసిన పాఠం. ఆమె గమనించిన ఇంకొక విషయం నాకు మరీ ముఖ్యమనిపించింది. తాము చేసినప్పుడు మనుషులు దాన్ని స్నేహమన్నారట. ఇతరులు చేసినప్పుడే అది బ్లాత్ అయిందట. గుంటూరులోనూ వరంగల్లులోనూ ఈ వ్యాకరణం ఏమీ మారలేదు. మనం చేస్తే ఆదుకోవడం, ఎదుటివాడు చేస్తే పైరవీ.

మన సాహిత్యసంఘాలకు కూడా ఈ అద్దం పట్టక తప్పదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగినప్పుడు రచయితలు కూడినది ఒకరి వీపు ఒకరు తట్టుకోవడానికి కాదు. సంఘమంటే విమర్శించుకునే చోటు. ఈరోజు మన సమీక్షలు చదివితే ఒంటె పెళ్లిలో గాడిద పాటకచేరీ కథ గుర్తుకొస్తుంది. దాని అందాన్ని ఇది మెచ్చుకుంటే దీని గానాన్ని అది మెచ్చుకుంది. యూజీసీ 2010లో పదోన్నతులకు పాయింట్లు లెక్కగట్టే పద్ధతి తెచ్చాక సదస్సుకు పిలుపూ, సంకలనంలో వ్యాసమూ మారకపు విలువ సంపాదించుకున్నాయి. నీ సదస్సుకు నేను, నా సదస్సుకు నువ్వు. నష్టపోయేదెవరు? మొదటి కథ రాసి, ఏ ఊళ్లోనో ఎవరూ తెలియకుండా కూర్చున్న కుర్రవాడు. అందరినీ పొగిడే సమీక్షలో అతన్ని పొగిడినా అతనికి ప్రయోజనం లేదు. తిట్టేవాడు లేడు కాబట్టి నేర్చుకునే దారీ లేదు.

అయితే చెయ్యవలసిందేమిటి? సన్యాసం కాదు. మొహమాటానికి తావులేని కొన్ని పద్ధతులు పెట్టుకోవాలి. రచయితతో తనకున్న సంబంధాన్ని సమీక్షకుడు మొదటి వాక్యంలోనే చెప్పాలి. పాఠకుడు దానికి తగ్గ తరుగు తీసుకుంటాడు. తనకు ఉపకారం చేసినవాడి శిష్యుడు అభ్యర్థిగా వున్నప్పుడు నిపుణుడు ఆ సంఘంనుంచి తప్పుకోవాలి. కృతజ్ఞత తీర్చుకోవడానికి ఆయనకు సొంత ఇల్లుంది, సొంత డబ్బుంది, భోజనానికి పిలవవచ్చు. ఖాళీల సంగతి తెలిసిన అధ్యాపకుడు ఇష్టశిష్యుడికి ఫోను చేసే ముందు నోటీసుబోర్డుమీద రాయాలి. హక్కుగా రావలసిన పని ఆగిపోయినప్పుడు పెద్దమనిషి ఇంటికి ఒంటరిగా పోకుండా, సంఘంతో కలిసి ఆఫీసుకు పోవాలి. ఒక పనికి పూనుకునేముందు మనల్ని మనం అడుగవలసిన ప్రశ్న కూడా తేలికైనదే. దీనివల్ల నష్టపోయేవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకొని ఈ మాట చెప్పగలనా? ఇతరుల హక్కులకు సంబంధించిన పనిని బహిరంగంగా చెప్పుకోలేకపోతే అది అన్యాయమేనని 1795లోనే కాంట్ అన్నాడు. రైల్లో నాతో మాట్లాడిన నిపుణుడు నాతో చెప్పగలిగాడు. ఆ అమ్మాయితో చెప్పగలడా?

ఈ పద్ధతులు పాటించేవాడు మొదట నష్టపోతాడు. అందులో సందేహం లేదు. అతని పుస్తకానికి సభ జరగదు, అతనికి సదస్సుల పిలుపులు తగ్గుతాయి, గర్విష్ఠి అనే పేరు వస్తుంది. ఒక్కడే పాటిస్తే అది అతని వ్యక్తిగత శీలం అవుతుందిగాని లోకానికి పెద్దగా ఒరిగేదేమీ వుండదు. అందుకే ఇది సంఘాలు తీర్మానించుకొని అమలుజరపవలసిన విషయం. కనీసం ఈ పత్రిక చుట్టూ వున్న పాతికమందిమైనా మొదలుపెట్టవచ్చు. ఈ వ్యాసంపై అభిప్రాయం రాయబోయేవాళ్లలో నా మిత్రులు కూడా వుంటారు. వారికి నా మనవి: మిత్రులమని మొదటి వాక్యంలోనే రాయండి, రెండో వాక్యంనుంచి ఇందులోని తప్పులు పట్టండి.